సర్వేయర్ సారుకు కట్టెల పొయ్యి బిర్యానీ

మా అన్నకు తెలిసిన ఇన్సూరెన్స్ ఒక్కటే, మోటార్‌సైకిల్‌ది. అదీ పోలీసు ఆపితే చూపించడానికి. అలాంటివాడు ఒక సోమవారం పొద్దున అమీర్‌పేటలో నేను పనిచేసే కోచింగ్ సెంటర్ మెట్లెక్కి వచ్చి, నా కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జావా బ్యాచ్ ఎప్పుడు, డెమో ఎప్పుడు అంటూ పిల్లలు తోసుకుంటున్నారు. వాళ్ల తలల మీదుగా, "చెల్లె, డేరాలకు ఇన్సూరెన్స్ చేపియ్యాలె. జర నువ్వే చూడు" అన్నాడు.

"నేనేమన్న ఇన్సూరెన్స్ ఆఫీసర్ననుకున్నవా?" అని కసిరాను.

"గింత మందికి నౌకర్లొస్తయని రోజూ చెప్తుంటవు గద. గంత మాట్లాడేటిదానివి ఒక్క కాయిదం తేలేవా?"

సాయం అడిగే పద్ధతి అది. పిల్లలు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అయినా మధ్యాహ్నం సెలవు పెట్టాను, ఎందుకంటే గురువారం సాయంత్రం లోపల ఆ కాగితం రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

మాది యూసుఫ్‌గూడలో టెంట్ హౌస్. నాన్న పెట్టింది. పెళ్లయినా, పురుడైనా, దినమైనా మా షామియానా వీధికి అడ్డంగా లేవాల్సిందే. కుర్చీలు, గిన్నెలు, గంటెలు, అన్నీ మావే. తర్వాత ఊరు సాఫ్ట్‌వేర్‌తో పొంగింది, ఎక్కడ చూసినా ఏసీ ఫంక్షన్ హాళ్లు లేచాయి, వీధిలో పెళ్లి చెయ్యడం నామోషీ అయిపోయింది. మా షామియానాలు గోడౌన్‌లో ఎలుకలకు పెళ్లిపందిళ్లయ్యాయి.

అప్పుడు మా పక్కింటి మేడ మీద అద్దెకుండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి అన్నకు ఒక మాట చెప్పాడు. అడవి పక్కన డేరా వేసి, లోపల మంచి మంచం, పరుపు, కూలర్, బాత్‌రూమ్ పెడితే మావాళ్లు శనాదివారాలు పైసలిచ్చి మరీ వచ్చి పడుకుంటారు, దాన్ని గ్లాంపింగ్ అంటారు అన్నాడు. బయటికి డేరా, లోపల హోటల్ గది. అన్న మొదట పడీపడీ నవ్వాడు. నవ్వాక వెళ్లి భాయ్‌ని అడిగాడు. నాన్న కాలం నుంచీ మా షామియానాలన్నీ కుట్టింది ఆయనే. అన్నకు భాగస్తుడూ ఆయనే, వంటమాస్టరూ ఆయనే. "డేరాల పరుపా? పెండ్లికొడుకు సుత గట్ల పండుకోలే" అన్నాడు భాయ్. అని, మర్నాడే మందపాటి కాన్వాసు కొలవడం మొదలుపెట్టాడు. లోపలివైపు మా పాత పెళ్లి షామియానాల ఎరుపు పసుపు పూలగుడ్డ వేసి కుట్టాడు. వచ్చినవాళ్లందరూ ఆ గుడ్డకే ఫోటోలు తీసుకునేవారు.

వికారాబాద్ దాటాక ఒక మామిడితోట కౌలుకు తీసుకుని చెక్క అరుగుల మీద ఆ డేరాలు నిలబెట్టారు. కానీ వచ్చేవాళ్లు పలచగా వచ్చేవారు. ఇక లాభం లేదని అన్న మైత్రీవనం వెనక సందులో ఉన్న ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో మాట్లాడుకుని వచ్చాడు. ఆ ఏజెన్సీ ఇచ్చిన నీలం యూనిఫాం ప్లాస్టిక్ కవర్లో మా ముందుగదిలో మేకుకు వేలాడుతుండేది. జన్మలో ఒకరి కింద చెయ్యని మనిషి, ఒకటో తారీకు నుంచి ఏదో అద్దాల మేడ గేటు దగ్గర నిలబడి కార్లకు సలాం కొట్టాలి. ఆ చొక్కా కనబడకుండా నేను ముఖం తిప్పుకుని ముందుగది దాటేదాన్ని.

సరిగ్గా అప్పుడే మాదాపూర్ కంపెనీ ఒకటి ఫోన్ చేసింది. శనివారం, ఆదివారం డేరాలన్నీ మాకే కావాలి, నచ్చితే నెలనెలా ఒక టీమ్‌ను పంపిస్తాం అంది. షరతు ఒక్కటే. గురువారం సాయంత్రానికి ఇన్సూరెన్స్ కాపీ మెయిల్లో ఉండాలి, లేకపోతే ట్రిప్పు క్యాన్సిల్. అంటే లెక్క సూటిగా ఉంది. కాగితం వస్తే డేరా, రాకపోతే నీలం చొక్కా.

ఇన్సూరెన్స్ ఆఫీసు పంజాగుట్ట చౌరస్తా దగ్గర, ఒక చీరల దుకాణం పైన. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. బస్సెక్కితే దిగేసరికి ముసలితనం వస్తుందని, నేనూ అన్నా దుమ్ములో నడిచే వెళ్లాం. లోపల కూర్చున్నావిడ కోస్తా మనిషి. నిదానం, మర్యాద. నాకు కోపం తెప్పించేంత నిదానం.

"మీది హోటలాండీ, టెంట్ హౌసాండీ?" అని అడిగింది.

"రెండూ మేడమ్" అన్నాడు అన్న.

"రెండూ అంటే కుదరదండీ. టెంట్ హౌస్ అయితే సామాను గోడౌన్‌లో ఉండాలి. హోటలైతే గోడలుండాలి, కప్పుండాలి. మీకు గోడలేవండీ?"

"గుడ్డ గోడలు" అన్నాడు అన్న. మళ్లీ ధైర్యంగా, "మస్తు మందం ఉంటయి" అని చేర్చాడు.

ఆవిడ నవ్వలేదు, విసుక్కోనూ లేదు. మాకు రెండు రకాల కవర్లు కావాలని విడమరిచి చెప్పింది. నిప్పుకో గాలికో డేరాలు పోతే ఇచ్చేది ఒకటి, వచ్చిన అతిథికి దెబ్బ తగిలితే చూసుకునేది ఇంకొకటి. రెండింటికీ ముందు సర్వేయర్ వచ్చి స్థలం చూడాలి. ఆయన బాగుందని రాస్తే, హోటల్ కిందే ఎలాగో ఇరికిస్తానంది. "గుడ్డ కాబట్టి ఆయన ముఖ్యంగా చూసేది నిప్పేనండీ" అని కూడా చెప్పింది. ఆ మాట నేను విన్నాను. అన్న కూడా విన్నాడు. విని, ఇంటికెళ్లి భాయ్‌తో ఏం చెప్పాడో తెలుసా? "రేపు పెద్ద సారొస్తుండు. మంచిగ చూసుకోవాలె" అని. అంతే చెప్పాడు.

నిప్పు సంగతి మా ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట మా వీధి పెళ్లిలోనే వంట దగ్గర కట్టిన కనాతు అంటుకుంది. కనాతంటే పొయ్యి చుట్టూ తెరలా కట్టే గుడ్డ. గాలి తగలకూడదు, వంట మీద ఎవరి దిష్టీ పడకూడదు, అందుకని కడతారు. ఆ రోజు మండుతున్న గుడ్డను భాయ్ ఉత్త చేతుల్తో లాగి పారేశాడు. మనుషులెవరికీ ఏమీ కాలేదు, భాయ్ కుడి అరచెయ్యి మాత్రం ముడుచుకుపోయింది. ఇప్పటికీ కత్తెర కొంచెం వంకరగానే పట్టుకుంటాడు. అప్పటినుంచి అన్నకు డేరా నిలబడి ఉంటే నిద్ర లేదు. డేరా దాకా ఎందుకు, ఫ్యాన్ గాలికి గోడ మీద క్యాలెండర్ రెపరెపలాడినా లేచి కూర్చునేవాడు. వదిన ఆ క్యాలెండర్ తీసి బీరువాలో పెట్టింది. మా ఇంట్లో తారీకు కావాలంటే బీరువా తెరవాలి.

మంగళవారం సర్వేయర్ సారును పంజాగుట్ట నుంచి నేనే అద్దె కారులో తీసుకెళ్లాను. సన్నటి మనిషి, మెడలో కెమెరా, నోట్లో మాట లేదు. తోట ఇంకా కనబడకముందే రోడ్డు మీదికి పొగ కనబడింది. సార్ ఆ పొగను చూశాడు. నేను సార్‌ను చూశాను.

గేటు దగ్గర అన్న కొత్త చొక్కా వేసుకుని, పెళ్లివారికి చల్లినట్టు పన్నీరు బుడ్డితో సార్ మీద పన్నీరు చల్లాడు. సార్ కళ్లజోడు తుడుచుకుని చూసేసరికి ఎదురుగా డేరాలు, డేరాల నడి మధ్యన కట్టెల పొయ్యి, దాని మీద ఇంత పెద్ద బిర్యానీ దేగ్, మూత మీద ఎర్రటి బొగ్గులు, వాటన్నిటి చుట్టూ అందంగా, నాలుగు వైపులా, పూలగుడ్డ కనాతు. సారొస్తున్నాడని అన్నిట్లోకీ కొత్త గుడ్డ తీసి కట్టారు! నిప్పు చూడ్డానికొచ్చిన మనిషికి గుడ్డ గదిలో నిప్పు పెట్టి స్వాగతం చెప్పారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కదా. నేను అన్నను పక్కకు లాగి, "నీకేమన్న దిమాగ్ ఉన్నదా?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఏమైంది? కనాతు లేకుంట దావతు ఎట్ల చేస్తరు?" అన్నాడు నిజంగానే అర్థం కాక.

సార్ అన్ని డేరాలూ తిరిగాడు, ఫోటోలు తీశాడు. భాయ్ పిలిస్తే కాదనలేక కూర్చున్నాడు. ఒక ప్లేటు తిన్నాడు, రెండోది వద్దు వద్దంటూనే తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "చాలా బావుందండీ" అన్నాడు. అన్న నా వైపు చూసి కళ్లెగరేశాడు. పని అయిపోయిందని వాడి ధీమా.

ఆ సాయంత్రమే పంజాగుట్ట నుంచి మేడమ్ గారు ఫోన్ చేసింది. "సర్వేయర్ గారు ఒప్పుకోలేదండీ. డేరాల మధ్య బహిరంగంగా కట్టెల వంట, దాని చుట్టూ గుడ్డ అని రాశారు. కట్టెలు మానేసి, గోడల గదిలో గ్యాస్ పొయ్యి, మంట ఆర్పే సామాను పెడితే రేపు మళ్లీ పంపిస్తాను. ఎల్లుండి దాటితే నేనేం చెయ్యలేనండీ."

అన్న లేచి, మేకుకున్న కవర్ దించి, ఆ చొక్కా బయటికి తీసి భుజాల దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే నేను తిడతాను, నా అలవాటు. "దాన్ని ఆడ పెట్టు ముందు! ఇంక రేపున్నది, ఎల్లుండున్నది" అని అరిచి చొక్కా లాక్కున్నాను.

భాయ్ మాత్రం వేరే రకంగా మండాడు. పొయ్యి మార్చడం మాట దేవుడెరుగు, అసలు రేపు తోటకే రానన్నాడు. "నా నమక్ తిన్నడు చెల్లెమ్మా. రెండు ప్లేట్లు తిన్నడు. బాగుందన్నడు. తిని, నా పొయ్యి మీదనే రాసిండు. గసొంటి మనిషి ముంగట నేను మల్ల చేతులు కట్టుకోని నిలబడాల్నా? నహీ హోతా" అన్నాడు. ఆయన రాకపోతే గ్యాస్ పొయ్యి మీద వండేవాళ్లు లేరు. శనివారం వచ్చే అంతమంది సాఫ్ట్‌వేర్ పిల్లలకు అన్న చేతి ఉప్మా పెట్టాలి. అది పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు కాదు, పోలీసులొస్తారు.

బతిమాలాను, వినలేదు. చివరికి నాకు తిక్క రేగింది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, వెల్లకిలా తిప్పి, ఆ ముడుచుకుపోయిన అరచెయ్యి ఆయనకే చూపించాను.

"నీ ఉప్పు తిని ఆయన అబద్ధం రాస్తే మంచిగుంటుండెనా భాయ్? గా పిల్లలల్ల ఎవరి చెయ్యన్న ఇట్లయితే నువ్వు చూస్తవా? తిన్నందుకే నిజం రాసిండనుకో."

భాయ్ ఆ చేతిని చూసుకున్నాడు. మా ఇంట్లో ఎవరం దాని గురించి ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత చెయ్యి నెమ్మదిగా లాక్కుని, "పొద్దుగాల్ల ఎన్నింటికి పోదాం?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బుధవారం కూడా నేను పనికి వెళ్లలేదు. తోట చివర బావి దగ్గర పాత రాతి మోటారుగది ఉంది. అందులో పాములున్నాయని వదిన, లేవని అన్న వాదించుకుంటుండగానే నేనూ భాయ్ ఊడ్చేశాం. పాములు లేవు, తేళ్లున్నాయి. గ్యాస్ పొయ్యి అక్కడికి చేర్చాం. మంట ఆర్పే ఎర్ర సిలిండర్లు ముందురాత్రే అమీర్‌పేటలో కొన్నాం. ఇసుక బకెట్లకు మాత్రం అన్న కొనడానికి ఒప్పుకోలేదు. మా టెంట్ హౌస్‌లో పంక్తుల్లో పప్పు వడ్డించే బకెట్లు ఉన్నాయి కదా, వాటికే ఎర్రరంగు కొట్టి, ఇసుక నింపి డేరాకొకటి తగిలించాడు. రంగు సరిగ్గా ఆరలేదు. ముట్టుకున్నవాళ్లందరికీ పారాణి అంటింది.

సార్ వచ్చాడు. ఈసారి పన్నీరు లేదు, పొగ లేదు, దావతు లేదు. ఆయన మోటారుగది చూశాడు, అక్కణ్నుంచి డేరాల దాకా అడుగులేసుకుంటూ నడిచాడు, బకెట్ ఎత్తి చూసి తన వేళ్ల ఎరుపు చూసుకుని రుమాలుకు తుడుచుకున్నాడు. మధ్యాహ్నం కాగానే తన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, మామిడిచెట్టు కింద ఒక్కడే కూర్చుని మూత తెరిచాడు. పెరుగన్నం. పక్కన చిన్న నిమ్మకాయ బద్ద.

మోటారుగది గుమ్మంలోంచి భాయ్ చూస్తున్నాడు. పలకరించకూడదని పట్టు పట్టిన మనిషి. ఒకసారి లోపలికి పోయాడు, మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. "ఉత్త పెరుగన్నం ఎట్ల మింగుతుండో" అని గొణిగాడు. ఇంకో నిమిషం ఓర్చుకున్నాడు. ఆఖరికి, గ్యాస్ పొయ్యి పరీక్షకని తను చేసిన మిర్చీ సాలన్ గిన్నెలో వేసుకుని వెళ్లి, మాట లేకుండా సార్ ముందు పెట్టాడు.

సార్ ఒకసారి గిన్నెను, ఒకసారి భాయ్‌ని చూశాడు. "నా రిపోర్టు ఇంకా పూర్తి కాలేదు భాయ్" అన్నాడు.

"ఏం రాస్తరో రాయుండ్రి. తిన్నంక రాయుండ్రి" అన్నాడు భాయ్.

సార్ కలుపుకుని తిన్నాడు. "నిన్న కూడా తిన్నాకే రాశాను" అన్నాడు నవ్వుతూ. ఆయన నవ్వడం మేం చూడ్డం అదే మొదలు. భాయ్ కూడా నవ్వాడు. చెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్న అన్న అక్కడే చతికిలబడ్డాడు.

గురువారం పంజాగుట్టలో నేను మేడమ్ ముందు కూర్చున్నాను. రిపోర్టు బాగుంది, సర్వర్ మాత్రం డౌన్. సర్వర్ లేచింది, ప్రింటర్ పడుకుంది. మేడమ్ దాన్ని కూడా "ఏంటండీ ఇదీ" అని మర్యాదగానే అడిగింది. ఆ ప్రింటర్‌ను నేను ఎత్తి కింది చీరల దుకాణంలో పడెయ్యకుండా నన్ను ఏ దేవుడు ఆపాడో తెలియదు. చివరికి కాగితాలు వెచ్చవెచ్చగా బయటికొచ్చాయి. సంతకం పెట్టి, ముద్ర వేసి నా చేతికిస్తూ, "మీ డేరాలు హోటలే అయ్యాయండీ" అంది ఆవిడ. ఇన్నాళ్ల నిదానమంతా ఆ ఒక్క మాటకు నేను మాఫీ చేసేశాను. అక్కణ్నుంచే కంపెనీకి మెయిల్ పంపించింది కూడా ఆవిడే. కిందికి దిగి, చౌరస్తాలో సగం లేచిన మెట్రో స్తంభం పక్కన, హారన్ల మధ్య, దుమ్ములో నిలబడి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. దుమ్ము కూడా కమ్మగా ఉంది. శుక్రవారం పనికి వెళ్తూ దారిలో ఆ నీలం చొక్కా ఏజెన్సీ వాళ్లకు తిరిగి ఇచ్చేసి వచ్చాను. ఎందుకని వాళ్లు అడిగారు. మా అన్నకు హోటలుందని చెప్పాను.

శనివారం కంపెనీ బస్సు వచ్చింది. పిల్లలు పూలగుడ్డ ముందు ఫోటోలు దిగి, భాయ్ బిర్యానీ తిని, తోట వెనక క్రికెట్‌కు పోయారు. వదినా నేనూ దుప్పట్లు సర్దుతూ ఒక డేరాలోకి తొంగి చూస్తే, ఖాళీగా ఉన్న మంచం మీద అన్న పడుకుని ఉన్నాడు. మధ్యాహ్నం వేళ, డేరా కింద, నోరు తెరుచుకుని. నాన్న కానీ అన్న కానీ షామియానా కింద కునుకు తియ్యడం నా పుట్టుకలో చూడలేదు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అంతలో గాలి లేచింది. మామిడాకులు గలగలమన్నాయి, డేరా అంచు ఒక్కసారి పైకి లేచి టపటపా కొట్టుకుంది. క్యాలెండర్ చప్పుడుకే లేచే మనిషి. ఉలిక్కిపడి లేస్తాడని, నేనే గబగబా వెళ్లి ఆ అంచు పట్టుకున్నాను.

అన్న కళ్లు తెరవలేదు. అటు తిరిగి పడుకున్నాడు.

"గాలొస్తుందన్నా" అన్నాను.

"రానియ్. కుట్టింది భాయ్, కట్టింది నేను. ఇగ నువ్వు తెచ్చిన కాయిదం సుత ఉన్నది" అన్నాడు నిద్రమత్తులోనే. "జర పండుకోనియ్, చెల్లె."

నేను గుడ్డ వదిలేశాను. వదిన మాత్రం ఆ రాత్రికి ఇంటికి వెళ్లగానే బీరువాలోంచి క్యాలెండర్ తీసి, మొన్నటిదాకా నీలం చొక్కా వేలాడిన మేకుకు తగిలించింది.